ముగ్గురు తల్లుల పిల్లలు

హాజరు పట్టీలో ఉన్న ఆవిడ పేరు ఆవిడకే మరపున పడి చాలాకాలమైంది. ఆల్చిప్పల కేంద్రంలో పెద్దసారు దగ్గర్నుంచి వ్యాను డ్రైవరు దాకా అందరికీ ఆవిడ నెమ్మదక్క. బకెట్టు ఎత్తినవాడికి "నెమ్మది", తొట్టి మూత తీసినవాడికి "నెమ్మది", తలుపు ధడాలున వేశారని ఓసారి పెద్దసారుకే "నెమ్మది సార్". చప్పుడుకు బెదిరి ఆల్చిప్పలు నోళ్ళు మూసుకుంటే మళ్ళీ తెరిచేసరికి అరపూట పడుతుందని ఆవిడ బాధ. ఆ బాధ ఎవరికి పట్టింది? పేరు మాత్రం మిగిలింది.

అలాంటి మనిషి, ఆ పొద్దున తొమ్మిది వేల ఆల్చిప్ప పిల్లలను ట్రేలలో సర్ది వ్యాను ఎక్కిస్తుంటే ఒక్కసారి కూడా నెమ్మది అనలేదు. డ్రైవరు ఒక ట్రే అంచును వ్యాను తలుపుకు తగిలించాడు. తగిలించి, తిట్టు కోసం మెడ వంచుకుని నిలబడ్డాడు. తిట్టు రాలేదు.

"ఒంట్లో బాగాలేదా అక్కా?"

"బాగానే ఉంది. పద."

ఒంట్లో నిజంగానే బాగుంది. మనసులో ఉన్నదాన్నే మింగలేక కక్కలేక చస్తోంది. ఇంకో గంటన్నరలో ఆ తొమ్మిది వేలూ ఏట్లోకి వెళ్ళిపోతాయి. అవి వెళ్ళకూడదని ఆ కేంద్రం మొత్తమ్మీద తెలిసింది ఆవిడ ఒక్కదానికే.

ఇది అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. ఆరేళ్ళ కిందట ఆవిడ ఇక్కడ తొట్లు కడగడానికి చేరింది. అంతకుముందు ఇరవై ఏళ్ళు గడియారాల ఫ్యాక్టరీలో కూర్చుని, ఆవగింజంత మరలు బిగించింది. ఫ్యాక్టరీ మూతపడింది. చేతుల్లో ఆ పనితనం మాత్రం ఎటూ పోలేదు.

ఇక కేంద్రం సంగతి. ఒకప్పుడు ఏట్లో కాలు పెడితే ఆల్చిప్పలు అరికాళ్ళకు గుచ్చుకునేవట. ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని వెతికినా ఏట్లోనే పుట్టినవి మూడు నాలుగు వందలకు మించి లేవు, అవన్నీ ముసలివే. ఎందుకంటే ఆల్చిప్ప పిల్లకు చేప కావాలి. తల్లి మొప్పల్లో పొదిగిన, కంటికి ఆనని పిల్లలు నీళ్ళలోకి వచ్చి ఒక రకం చేప మొప్పలను పట్టుకుంటాయి. కొన్ని వారాలు అద్దె లేని ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుని, ఆ తర్వాత రాలి ఇసుకలో పడతాయి. ఏటికి అడ్డంగా ఆనకట్ట కట్టాక ఆ చేప పైకి రావడం మానేసింది. చేప లేదు, పిల్లల్లేవు. కట్టిన మనుషులే ఇప్పుడు మంత్రసాని పనికి దిగారు. తల్లి చిప్పను కొద్దిగా తెరిచి, సిరంజితో పిల్లలను కడిగి తీసి, తొట్లలో పెంచిన చేపలకు అంటించి, రాలినవాటిని ఏడాదిపాటు సాకి ఏట్లో వదులుతారు.

ఆ తెరవడమే అసలు పని. అందుకొక పట్టకారు ఉంది, నొక్కితే మూసుకోవడానికి బదులు విచ్చుకుంటుంది. ఒక గోరు మందం తెరవాలి. అంతకు మించితే తల్లి కండ తెగుతుంది. కేంద్రానికి శాస్త్రం తెలిసిన మనిషి డాక్టరమ్మ. ముప్పై ఏళ్ళ పిల్ల, జలుబుకు మాత్ర కూడా ఇవ్వలేని డాక్టరు, ఆల్చిప్పల డీఎన్ఏ మీద పెద్ద చదువు చదివింది. ఆ పిల్ల చేతులు పట్టకారు పట్టుకుంటే వణికేవి. ఒకరోజు తొట్టి కడుగుతూ పక్కనుంచి చూసిన నెమ్మదక్క, "ఇలా ఇవ్వండమ్మా" అని తీసుకుని తెరిచి చూపింది. అంతే, చీపురు పోయి చేతికి పట్టకారు వచ్చింది.

ఇరవై అయిదు తల్లులను తెచ్చి చిప్పల మీద నంబరు బిళ్ళలు అంటించారు. మొదటి ఏడాదే పదకొండో నంబరు దగ్గర దెబ్బ తగిలింది. నెమ్మదక్క పట్టకారు పెట్టగానే అది ఒక్కసారిగా బిగుసుకుంది. లోపల ఏదో తెగినట్టు చేతికి తెలిసింది. రెండో రోజుకు చిప్ప మూసుకోలేక నోరు వెళ్ళబెట్టి పోయింది. చిప్ప మీద ఏడాదికొకటిగా పడే గీతలు లెక్కపెట్టి దానికి డెబ్భై ఏళ్ళు దాటాయని డాక్టరమ్మ చెప్పింది. "మా అమ్మ కంటే పెద్దది" అంది నెమ్మదక్క, అని వెనక గదిలోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చిన్నపిల్లలు పోతే ఏడ్చేవాళ్ళను చూశాం గానీ, ఆల్చిప్ప పోతే ఏడ్చిన మనిషి ఈవిడే.

ఆ తర్వాత ఆవిడ చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. మిగిలిన ఇరవై నాలుగింటిలో మూడు గట్టిపిండాలు ఉన్నాయి: నాలుగు, తొమ్మిది, ఇరవై రెండు. పట్టకారు పెడితే, రా అన్నట్టు తెరుచుకునేవి. ఒక్కొక్కదాని నుంచి లక్షల్లో పిల్లలు. ఆ సీజన్లో నెమ్మదక్క ఆ మూడింటినే తెరిచింది. తక్కిన ముసలమ్మల మీద అరచెయ్యి పెట్టి, కదలకుండా తిరిగి ఇసుకలో గుచ్చేసింది. రిజిస్టరులో మాత్రం ఇరవై నాలుగు నంబర్లకూ టిక్కులు పెట్టింది. మరుసటి ఏడూ అదే పని. అబద్ధం రాస్తున్నానని ఆవిడకు అనిపించలేదంటే నమ్మండి. అడిగినవి పిల్లలు, వచ్చినవీ పిల్లలే. ఏ తల్లివైతే ఏం? ఇరవై నాలుగూ తెరవమని చెప్పారు గానీ, ఎందుకో ఎవరూ చెప్పలేదు.

ఎందుకో, వ్యాను బయలుదేరే ముందురోజు మధ్యాహ్నం తెలిసింది.

డాక్టరమ్మ సంబరంగా పిలిచి గోడకు అంటించిన కాగితం చూపించింది. అందులో ఇరవై నాలుగు వరసల్లో రంగు గీతలున్నాయి. "ఇవి మన తల్లుల డీఎన్ఏ అక్కా. చూడు, ఒకదాని గీతలు ఇంకోదానితో కలవనే కలవవు."

"అంతమంది ఎందుకమ్మా? ముగ్గురు నలుగురు చాలరూ?" అని నెమ్మదక్క మాటవరసకు అడిగింది.

"అమ్మో! ముగ్గురి పిల్లల్ని తొమ్మిది వేలు దింపితే ఇంకేముంది? ఏట్లో మొదట్నుంచీ ఉన్నవే మూడు నాలుగు వందలు. వీటి మధ్య అవి కనపడకుండా పోతాయి. పదేళ్ళ తర్వాత ఇవి పెరిగి పిల్లల్ని కంటే, అన్నీ అన్నాచెల్లెళ్ళ పిల్లలే. కొత్త జబ్బు ఏదో వచ్చిందనుకో, తట్టుకునే గుణం ఆ ముగ్గురిలో లేదనుకో, ఒక్క వేసవిలో ఏరు ఖాళీ. అలా వదిలే బదులు అసలు వదలకపోవడమే నయం."

నెమ్మదక్క కాగితం వంకే చూస్తూ, "పిల్లలకి కూడా ఈ పరీక్ష చేస్తారా?" అంది.

"చేయించాలనే ఉండేది, కుదర్లేదు. అయినా నీ రిజిస్టరు ఉండగా ఇంకెందుకు?"

ఆ మాటకు తల కొట్టేసినట్టయింది. చెప్పాల్సింది అప్పుడే చెప్పాలి. చెప్పలేదు. తొట్టి దగ్గర పనుందని వచ్చేసింది.

సాయంత్రం భర్తకు చెప్పుకుంది. ఆయన దర్జీ, ముందు గదిలోనే మిషను. నోట్లో గుండీలు పెట్టుకుని అంతా విని, వాటిని అరచేతిలోకి ఊసి, "ఎవరికి తెలుస్తుంది? ఆల్చిప్పలొచ్చి చెప్తాయా?" అన్నాడు.

"తెలియదు. ఎప్పటికీ తెలియదు. అదే నా భయం."

ఆయన కాసేపు మిషను తొక్కాడు. తర్వాత ఆపి, "మొన్న ఆ కోటు కొలత తప్పు తీసుకున్నానని నాకు ఎప్పుడు తెలిసింది? కత్తెర వేశాక. ముందే తెలిసుంటే ఆయన ఇంటికెళ్ళి కాళ్ళు పట్టుకునేవాణ్ణి. నీకు ముందే తెలిసింది. ఇంకా ఏం చూస్తున్నావు?" అన్నాడు.

పొద్దున్నే చెప్పేద్దామని గంట ముందే కేంద్రానికి వెళ్ళింది. డాక్టరమ్మ అప్పటికే ఫోన్లో ఉంది. ట్రేలు ఎక్కించేటప్పుడు చెప్దామనుకుంది. పెద్దసారు వచ్చి, అతిథులు బయలుదేరారు, కానివ్వండి కానివ్వండి అని తరిమారు. వ్యానులో నెమ్మదక్క వెనక ట్రేల మధ్య కూర్చుంది, డాక్టరమ్మ ముందు. మధ్యలో అద్దం. రెండుసార్లు వేలితో కొట్టింది. డాక్టరమ్మ వెనక్కి తిరిగి నవ్వుతూ బొటనవేలు చూపించింది, అన్నీ బాగున్నాయా అన్నట్టు. నెమ్మదక్క తల ఊపింది. ఊపినందుకు తనను తానే తిట్టుకుంది. ట్రేలలో బొటనవేలి గోరంత పిల్లలు, ఒక్కొక్కదాని చిప్ప మీదా ఆవిడే పెట్టిన పచ్చ జిగురు చుక్క, తడి గుడ్డ కింద చల్లగా కూర్చున్నాయి.

ఏటి ఒడ్డున కుర్చీలు వేశారు. కెమెరా పట్టుకుని ఒకాయన తిరుగుతున్నాడు. పెద్దసారు అతిథులకు ఏరు వంక చెయ్యి చూపించి మాట్లాడుతున్నారు. డాక్టరమ్మ మోకాలి పైదాకా రబ్బరు బూట్లు తొడుక్కుని నీళ్ళలోకి దిగిపోయింది. "మొదటి ట్రే అక్కా!"

నెమ్మదక్క మొదటి ట్రే ఎత్తుకుని నీళ్ళలోకి దిగింది. పది అడుగులు. అయిదు అడుగులు. ఒడ్డు మీద చప్పట్లు మొదలయ్యాయి. డాక్టరమ్మ చేతులు చాచి ట్రే రెండో అంచు పట్టుకుంది. నెమ్మదక్క తన అంచు వదల్లేదు.

"వదులు అక్కా."

"ఇవి ముగ్గురి పిల్లలే."

"ఏంటి?"

"అన్నీ ముగ్గురివే. నాలుగు, తొమ్మిది, ఇరవై రెండు. తక్కినవాటిని నేను తెరవలేదు. పదకొండోది పోయాక నాకు చెయ్యి రాలేదమ్మా. టిక్కులన్నీ అబద్ధం."

ట్రే ఇద్దరి మధ్యా అలాగే ఉంది. ప్రవాహం మోకాళ్ళను తోస్తోంది. ఒడ్డు నుంచి కెమెరా ఆయన, "ఇటు చూడండి మేడం" అని అరుస్తున్నాడు.

"పోయినేడు వదిలినవి?" అంది డాక్టరమ్మ చాలా మెల్లగా.

పోయినేడు నాలుగు వేలు ఇక్కడే, ఈ మలుపులోనే వదిలారు. ఇప్పుడు ఇద్దరూ నిలబడిన ఇసుకలోనే ఉన్నాయవి.

"అవీ అంతే."

"మీరు ఒడ్డెక్కండి" అంది డాక్టరమ్మ.

ఆరేళ్ళుగా నువ్వు అని పిలిచిన పిల్ల. ఆ 'మీరు' అన్న మాట నెమ్మదక్కకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. తిట్టినా బాగుండేదనుకుంది.

వదలడం లేదని తెలియగానే పెద్దసారు ఒంటికాలి మీద లేచారు. అతిథుల ముందు పరువు తీశారన్నారు. తీసుకొచ్చినవి ఎలాగూ తీసుకొచ్చాం గనుక కనీసం ఒక ట్రే ఫోటో కోసం వదలమన్నారు. డాక్టరమ్మ ట్రేకు అడ్డంగా నిలబడి, "ఒక్కటి కూడా వదలను సార్" అంది. నెమ్మదక్క తడి చీరతో వ్యాను మెట్టు మీద కూర్చుని అంతా విన్నది. చెప్పినందుకు తేలికపడతానని ఎక్కడో ఆశ ఉండింది. ఏమీ తేలికపడలేదు, భయం మాత్రం రెండింతలైంది.

సంజాయిషీ రాసిమ్మన్నారు. నాలుగు వాక్యాలు రాసిచ్చింది. ఉద్యోగం పోయిందనే అనుకుని, మర్నాడు టిఫిను డబ్బా, చెప్పులు తీసుకుపోదామని వచ్చింది. డాక్టరమ్మ తొట్ల గదిలో ఆవిడ కోసమే నిలబడి ఉంది.

"ఉద్యోగం సంగతి పెద్దసారు తర్వాత చూస్తారట. తల్లుల కడుపులో పిల్లలు ఇంకా పన్నెండు రోజులే ఉంటాయి. ఇరవై ఒక్కటీ తెరవాలి. నా చేతులు మీకు తెలుసు. వేరే మనిషి లేరు."

"మళ్ళీ ఏదైనా పోతే?"

"పోతే పోయిందని రాస్తాం."

రిజిస్టరు ఇప్పుడు డాక్టరమ్మ చేతిలో ఉంది. తను కళ్ళారా చూడందే ఒక్క అంకె రాయలేదు. నెమ్మదక్క పట్టకారు పెడుతుంటే పక్కనే వంగి చూసేది. తీసిన పిల్లలను మైక్రోస్కోపు కింద పెట్టి ఒక ఉప్పు రేణువు వేసేది. బతికున్న పిల్లలు ఉప్పు తగలగానే టక్కున మూసుకుంటాయి. మూసుకుంటేనే టిక్కు. మొదటి రోజు నెమ్మదక్క ఒక్క తల్లిని తెరవడానికి గంటన్నర తీసుకుంది. అది బిగుసుకున్నప్పుడల్లా చెయ్యి ఆపి, ఊపిరి బిగబట్టి, అది మళ్ళీ సడలేదాకా అలాగే ఉండిపోయింది. వెన్ను పట్టేసింది. సాయంత్రానికి వేళ్ళు ముడుచుకుపోయి గ్లాసు పట్టుకోలేకపోయింది.

పదకొండు రోజుల్లో ఇరవై ఒక్కటీ అయ్యాయి. రెండింటిలో పిల్లల్లేవు. పదిహేడో నంబరు తెరిచిన మూడో రోజున నోరు వెళ్ళబెట్టేసింది. ఈసారి నెమ్మదక్క వెనక గదిలోకి పోలేదు. పదిహేడో నంబరు పోయిందమ్మా, రాసుకోండి, అని అక్కడే నిలబడి ఏడ్చింది. డాక్టరమ్మ వచ్చి చూసి, రాసుకుంది. ఓదార్చలేదు.

ఇక మిగిలింది ఏట్లో ఉన్న నాలుగు వేలు.

"అన్నీ తియ్యక్కర్లేదు" అంది డాక్టరమ్మ ఒడ్డున బూట్లు తొడుక్కుంటూ. "ఆ ముగ్గురి పిల్లలు కూడా ఏటికి కావాలి, కాకపోతే వాళ్ళ వంతుకు మించకూడదు. మూడు వందలు ఉండొచ్చు. మొదట దొరికిన మూడు వందలు బుట్టలో వెయ్యండి, మళ్ళీ ఇక్కడే గుచ్చేద్దాం. ఆ తర్వాత దొరికినవన్నీ సంచిలోకి. వెనక్కి తెచ్చిన తొమ్మిది వేలతోపాటు కేంద్రం వెనక చెరువులో బతుకుతాయి."

"ఇక మళ్ళీ ఏరు చూడవన్నమాట."

"చూడవు. ఇంకో మాట. ఏది ఉంచాలో మీరు ఎంచుకోవద్దు. మీరు ఎంచుకోబట్టే ఇంతదాకా వచ్చింది."

నెమ్మదక్క తాళ్ళతో గళ్ళు కట్టిన ఇసుకలో వంగి, మోచేతుల దాకా చేతులు దించి వెతకడం మొదలుపెట్టింది. వేలికి గట్టిగా తగిలినదాన్నల్లా పైకి తీసి పచ్చ చుక్క ఉందో లేదో చూడాలి. చుక్క లేనివి ముసలివి, ఎక్కడివి అక్కడే పెట్టెయ్యాలి. చుక్క ఉన్నవి తన పిల్లలు. వదిలినప్పుడు గోరంత ఉన్నవి ఇప్పుడు వేలి పొడుగున్నాయి. ఏడాదంతా ఎవరు ఏటివైపు వెళ్ళొచ్చినా, మావి ఎలా ఉన్నాయి అని అడిగేది. ఇంత బాగున్నాయని ఎవరూ చెప్పలేదు. ఇంత బాగా పెరగకపోయినా బాగుండేదని ఆవిడకు మొదటిసారి అనిపించింది.

ఎండ ఎక్కింది. డాక్టరమ్మ ఒడ్డున రాయి మీద కూర్చుని, నెమ్మదక్క చెప్పిన ప్రతి అంకెకూ తల ఎత్తి, పైకెత్తిన ఆల్చిప్పను చూసి, అప్పుడు రాసుకుంటోంది. రెండు వందల తొంభై ఎనిమిదోది అంచు విరిగి, పెరుగుదల ఆగిపోయి, గోరంతే ఉండిపోయింది. బుట్టలోకి వెళ్ళింది. తొంభై తొమ్మిది. మూడు వందలు.

"ఇక సంచి" అంది డాక్టరమ్మ, చెమట తుడుచుకుని, కొత్త పేజీ గీతలు గీసుకోవడానికి అటు తిరిగింది.

నెమ్మదక్క మళ్ళీ ఇసుకలో చెయ్యి పెట్టింది. చేతికి వచ్చిందాన్ని పైకి తీసి, అలాగే ఉండిపోయింది. నల్లటి ఆకుపచ్చ చిప్ప, ఒక్క గీటు లేదు, అంచులు అద్దినట్టు కలిశాయి. ఈ ఆరేళ్ళలో వేలకు వేలు ఆ చేతుల మీదుగా పోయాయి, ఇంత చక్కటిదాన్ని ఆవిడ చూడలేదు. నాలుకలాంటి పాదం బయటికి చాచి అరచేతిలోనే ఇసుక కోసం వెతుక్కుంటోంది.

బుట్ట మోకాలి పక్కనే తేలుతోంది. అంచు విరిగినది పైపైనే ఉంది. దాన్ని తీసి ఇది పెట్టడానికి రెప్పపాటు చాలు. డాక్టరమ్మ అటు తిరిగి ఉంది. ఒడ్డున ఇంకెవరూ లేరు. ఎవరికీ తెలియదు, ఎప్పటికీ తెలియదు.

చెయ్యి బుట్ట మీదికి వెళ్ళింది కూడా.

నెమ్మదక్కకు కన్నీళ్ళు ఆగలేదు. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. పాదం లోపలికి తీసుకునేదాకా ఆగి, దాన్ని సంచిలోకి జారవిడిచింది.

"మూడు వందల ఒకటి" అని గట్టిగా చెప్పింది. "సంచిలో వేశాను."

డాక్టరమ్మ తిరిగి చూడకుండానే రాసుకుంది.